రూలెట్ చక్రంలో ఎనిమిదేళ్లు

‘నేరము-శిక్ష’ నవల పేరు వినని పుస్తకప్రియులు ఉండరు. అది రాయడం మొదలెట్టిన రోజుల్లో రచయితకు కడుపునిండా తిండి లేదన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. 1865లో జర్మనీలోని వీస్బాడెన్‌లో ఐదు రోజుల్లో చేతిలో ఉన్నదంతా రూలెట్ బల్ల మీద పోగొట్టుకున్నారు ఫ్యోదోర్ దోస్తోయెవ్‌స్కీ. బిల్లు కట్టలేదని హోటల్‌వాళ్లు భోజనం ఆపేసి టీ మాత్రం ఇచ్చారు. సాటి రచయిత తుర్గేనెవ్‌ను వంద థేలర్లు అప్పడిగితే యాభై వచ్చాయి.

ఆయన కష్టం ఓటమితో కాదు, గెలుపుతో మొదలైంది. 1821లో మాస్కోలో పుట్టారు. 1849లో ప్రభుత్వ వ్యతిరేక కేసులో మరణశిక్ష పడింది. కాల్చే చోటుదాకా తీసుకెళ్లి చివరి నిమిషంలో సైబీరియాకు పంపారు. నాలుగేళ్ల కఠిన కారాగారం, పైగా మూర్ఛ జబ్బు. అన్నీ తట్టుకున్న మనిషి 1863లో వీస్బాడెన్‌లో పది వేల ఫ్రాంకులకు పైగా గెలిచారు. డబ్బు పెట్టెలో పెట్టేసి ఊరు దాటుదామనుకున్నారు. దాటలేదు. మళ్లీ వెళ్లి సగందాకా పోగొట్టారు. అయినా తల చల్లగా పెట్టుకుని ఆడితే గెలుపు ఖాయమన్న నమ్మకం మాత్రం పోలేదు. చక్రానికి ఆడేవాడి తల చల్లగా ఉందో వేడిగా ఉందో ఏం తెలుసు?

1864లో మొదటి భార్య, అన్న ఇద్దరూ పోయారు. అన్న అప్పులు నెత్తినబడ్డాయి. స్తెల్లోవ్‌స్కీ అనే పబ్లిషర్ మూడు వేల రూబుళ్లిచ్చి కాగితం రాయించుకున్నాడు. 1866 నవంబరు 1కల్లా కొత్త నవల ఇవ్వకపోతే తొమ్మిదేళ్లపాటు ఆయన రాసేదంతా ఊరికే వేసుకోవచ్చని షరతు. గడువు దగ్గరపడ్డాక అన్నా అనే స్టెనోగ్రాఫర్‌ను పెట్టుకుని 26 రోజుల్లో నవల చెప్పి రాయించారు. దాని పేరు ‘జూదరి’!

మరుసటి ఏడాది ఆ అమ్మాయినే పెళ్లాడారు. ఆమెకు ఇరవై, ఆయనకు నలభై ఐదు. అప్పులవాళ్ల బాధ పడలేక ఇద్దరూ దేశం విడిచారు. ఆ ఎండాకాలం బాడెన్‌లో జరిగింది చూస్తే మన ధర్మరాజు గుర్తొస్తాడు. పెళ్లి ఉంగరాలు, కమ్మలు, చివరికి గర్భిణి అయిన భార్య బట్టలు కూడా తాకట్టుకెళ్లాయి. ఓడి వచ్చి కాళ్ల మీద పడి ఏడ్చేవారు. మర్నాడు మళ్లీ డబ్బడిగేవారు.

ఇది ఒక్క మనిషి బలహీనత కాదు. అమెరికా శాస్త్రవేత్త స్కిన్నర్ పావురాలతో చేసిన ప్రయోగాల్లో తేలిందేమంటే, ఎన్ని పొడుపులకు గింజ పడుతుందో తెలియనప్పుడే పక్షి ఎడతెగక పొడుస్తుంది. గింజ ఆగిపోయినా చాలాసేపు మానదు. స్లాట్ మెషీన్లు నడిచేదీ ఇదే సూత్రం మీద. పైగా రెండు బొమ్మలు కలిసి మూడోది కొంచెంలో తప్పితే, ఓడానని కాక దాదాపు గెలిచానని అనిపిస్తుంది. పోయినదాన్ని రాబట్టుకోవాలన్న యావ దానికి తోడు. జూద వ్యసనాన్ని అమెరికా మానసిక వైద్యులు 2013లో మత్తు వ్యసనాల వరుసలో చేర్చారు.

అన్నా ఆయన్ను తిట్టలేదు. ఓడిన తర్వాత ఆయన కలం బాగా నడుస్తుందని గమనించి, ఒకసారి తనే డబ్బిచ్చి పంపింది. అది సాయమో, ఆజ్యమో చెప్పడం కష్టం. 1868లో జెనీవాలో పుట్టిన పాప మూడు నెలలకే పోయింది. ఆ దుఃఖం కూడా ఆయన్ను బల్లకు దూరం చేయలేదు.

1871 ఏప్రిల్‌లో మళ్లీ వీస్బాడెన్. ఇంటికి రావడానికి భార్య పంపిన డబ్బూ పోయింది. అంతకుముందు కలలో తండ్రి భయంకరంగా కనిపించాడట. ఆ రాత్రి రష్యన్ చర్చి ఫాదరును వెతుక్కుంటూ పరుగెత్తి, దారి తప్పి యూదుల ప్రార్థనామందిరం దగ్గర తేలారు. వెనక్కొచ్చి, ఇక ఆడనని భార్యకు ఉత్తరం రాశారు. అంతకుముందూ రాశారు గనక ఆమె నమ్మలేదు. ఈసారి మాట నిలబడింది. 1872 చివరికల్లా జర్మనీలో ఆ జూదశాలలే మూతబడ్డాయి.

ఆ తర్వాత పుస్తకాల అచ్చు, అమ్మకం అన్నాయే చేతిలోకి తీసుకుంది. అప్పులన్నీ తీరేసరికి పదమూడేళ్లు పట్టింది. మరో ఏడాదికి, 1881లో ఆయన కన్నుమూశారు.