అలీ నవాజ్ జంగ్ బహాదుర్

నవాబు అలీ నవాజ్ జంగ్ బహాదుర్ (జూలై 11, 1877 - డిసెంబరు 6, 1949) నిజాం రాజ్యపు ప్రజాపనుల శాఖలో ప్రధాన ఇంజనీరుగా పనిచేసిన నీటిపారుదల నిపుణుడు. అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. బోధన్ నుండి ఆర్మూరు వరకు పొలాల రూపు మార్చిన నిజాంసాగర్ ఇతని హయాములోనిదే.

బాల్యము, ఉద్యోగము

హైదరాబాదులో జన్మించాడు. నిజాం కళాశాలలో చదివి, ప్రభుత్వ ఉపకారవేతనముపై ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగు కళాశాలకు వెళ్ళాడు. 1899లో ప్రజాపనుల శాఖలో చేరి, 1918 నాటికి ప్రధాన ఇంజనీరు అయ్యాడు. ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) ఇతని కాలంలోనే పూర్తయ్యాయి. 1938లో ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘములో నీటిపారుదల ఉపసంఘానికి అధ్యక్షత వహించాడు.

నిజాంసాగర్

మంజీరా నదిపై 1923లో మొదలైన ఈ ఆనకట్ట 1931లో పూర్తయింది. ఉద్దేశించిన ఆయకట్టు 2.75 లక్షల ఎకరాలు. ఇందుకోసం సుమారు 40 గ్రామాలు ఖాళీ చేయవలసివచ్చింది. ఇతనిని కీర్తించే వ్యాసాలు ఈ సంగతిని తరచుగా మరచిపోతాయి. దాదాపు 29.7 టి.ఎం.సి.లుగా ఉన్న నిల్వ సామర్థ్యము పూడిక వలన నలభై ఏళ్ళలోనే 12 టి.ఎం.సి.ల లోపుకు పడిపోయింది. తరువాత గేట్ల ఎత్తు పెంచి 17.8 టి.ఎం.సి.లకు తెచ్చారు. ఎగువన సింగూరు ప్రాజెక్టు కూడా రావడంతో, కాలువ చివరన ఉన్న ఆర్మూరు ప్రాంతానికి నీరు చేరటం కష్టమైంది. అందువలన అలీసాగర్, గుత్ప ఎత్తిపోతల పథకాల ద్వారా గోదావరి నీటిని చివరి ఆయకట్టుకు మళ్ళించారు.

మిగిలిన కట్టడాలు

ఈ కాలువ నీటితో పెరిగిన చెరకే 1937లో స్థాపించిన బోధన్ నిజాం చక్కెర కర్మాగారానికి ఆధారము. కర్మాగారము ఇతని నిర్మాణము కాకపోయినా ఆ కాలువ లేకుండా దానిని ఊహించలేము. 2002లో అధిక వాటా ప్రైవేటు పరమైన ఈ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడింది. పునరుద్ధరణకై 2024లో రాష్ట్ర ప్రభుత్వము కమిటీని నియమించింది. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో 1972లో మూసివేసిన ఆల్బర్ట్ డాక్ గోదాములను కూల్చకుండా బాగుచేసి, 1980లలో ప్రదర్శనశాలలుగా మార్చారు. బోధన్‌లో చక్కెర తయారీ మళ్ళీ మొదలైనా, కాకపోయినా, పాత యంత్రాలు తుక్కు క్రింద పోకముందే వాటి జాబితా తయారుకావడం అవసరము. నీరు పారుతున్నంత కాలము కాలువ తూములను ఎవరో ఒకరు మరమ్మత్తు చేస్తారు. ఆగిపోయిన గానుగకు ఆ రక్షణ లేదు.

అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2018లో తెలంగాణలోని సదర్‌మాట్ ఆనకట్టను, కామారెడ్డి పెద్ద చెరువును వారసత్వ కట్టడాలుగా గుర్తించింది. ఆ గుర్తింపుకు నూరేళ్ళ వయస్సు నియమము. నిజాంసాగర్‌కు 2031లో నూరేళ్ళు నిండుతాయి.

2014 నుండి ఇతని జన్మదినమైన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవముగా జరుపుతున్నారు.