మిషను ఆసుపత్రి నుండి శాసనసభకు
(డాక్టరు వై.యస్. రాజశేఖర రెడ్డి గారి జీవితము)

విశ్వాసి ఎన్నికలలో నిలువవచ్చునా అని మన యువజన కూడికలలో తరచుగా అడుగుచుందురు. వాదించి జవాబు చెప్పుటకంటె ఒకరి జీవితము చెప్పుట మేలని మాకు తోచినది. డాక్టరు రాజశేఖర రెడ్డి గారి పేరు వినని ఇల్లు మన నారాయణఖేడు ప్రాంతములో లేదు. అయితే ఆయన మన దక్షిణ ఇండియా సంఘపు ఆసుపత్రిలో కొంతకాలము రోగులను చూచిన వైద్యులని ఎరిగినవారు తక్కువ.

యెడుగూరి సందింటి రాజశేఖర రెడ్డి గారు 1949 జూలై 8న కడప జిల్లా జమ్మలమడుగులో జన్మించిరి. తండ్రి రాజారెడ్డి గారు, తల్లి జయమ్మ గారు. స్వస్థలము పులివెందుల. క్రైస్తవ కుటుంబము. వాన తక్కువ, బావులలో నీరు తక్కువ, ఊరూర పాతకక్షలు మాత్రము ఎక్కువ. కరవన్న మాటకు అర్థము మన తండాలవారికి వేరుగా చెప్పనక్కరలేదు. చెరకు నరుకుటకు ఊళ్లు విడిచి పోయినవారికి అది తెలిసినదే.

ఆయన చదువు బళ్లారిలోను, విజయవాడ లొయోలా కళాశాలలోను సాగెను. వైద్యవిద్య గుల్బర్గాలోని ఎం.ఆర్. మెడికల్ కాలేజీలో. గుల్బర్గా మనకు దూరదేశము కాదు. 1956 వరకు మన తాలూకా బీదరు జిల్లాలోనిదే. గుల్బర్గా, బీదరు, మనము అందరము ఒకే హైదరాబాదు రాష్ట్రములో ఉన్నవారమే. అక్కడ ఆయన విద్యార్థి సంఘమునకు అధ్యక్షులైరి. తిరుపతి యస్.వి. మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు కూడ తోటి డాక్టర్లకు నాయకులైరి. కాబట్టి మంచి డాక్టరును రాజకీయము పాడుచేసినదని కొందరు పెద్దలు చెప్పు మాట సరికాదు. ఆ రెండును ఆయనలో ఒకేసారి మొలకెత్తినవి.

చదువు ముగిసిన తరువాత ఆయన జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసరుగా చేరిరి. లండన్ మిషన్ వారు స్థాపించిన ఆ ఆసుపత్రి, 1947లో సంఘముల ఐక్యత జరిగిన పిమ్మట మన సంఘపు పరిచర్యలోనికి వచ్చినది. ఆయన అక్కడ పనిచేసినది కొద్దికాలమే. అయినను మిషను ఆసుపత్రి అనగా ఏమో మెదక్‌ను, డిచ్‌పల్లిని ఎరిగిన మనకు తెలియును. రోగి ఒంటరిగా రాడు. బండెడు బంధువులు, చెట్టుక్రింద వంటపొయ్యి, కొంగున ముడివేసిన నాలుగు రూపాయలు వెంటవచ్చును. జబ్బు ఏదని అడుగుటకు ముందే, ఈ జబ్బునకు ఏ ఎద్దు అమ్ముడుపోయినదో డాక్టరుకు తెలిసిపోవును. ఏ వైద్య కళాశాలలోను ఈ పాఠము చెప్పరు.

1973లో, ఇరువది నాలుగేండ్ల వయస్సున, పులివెందులలో తండ్రిగారి పేరిట 70 పడకల ధర్మాసుపత్రిని నెలకొల్పిరి. నామమాత్రపు ఫీజు పుచ్చుకొను రూపాయి డాక్టరని ఆ చుట్టుప్రక్కల ఇప్పటికిని చెప్పుకొందురు. ఆయన పాతకాలపు అలవాట్ల మనిషి. తెల్లని పంచెకట్టు, బంధువర్గముతో నిండిన ఇల్లు, ప్రొద్దుటే వాకిట అర్జీదారులు. ముఖ్యమంత్రియైన తరువాత కూడ ఉదయమున జనమును చూచుట మానలేదు. అది ఆసుపత్రిలో ఓ.పి. చూచు అలవాటేనని మా అభిప్రాయము.

1978లో పులివెందుల నుండి శాసనసభకు నిలిచి గెలిచిరి. అప్పుడాయన నిలిచినది బ్రహ్మానందరెడ్డి గారి కాంగ్రెసు పక్షమున. కొద్దికాలమునకే ఇందిరా కాంగ్రెసులో చేరిరి. 1980లో గ్రామీణాభివృద్ధి శాఖకు సహాయమంత్రి, 1983లో రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షులు. ఆ 1983లో తెలుగుదేశపు గాలికి మహావృక్షములే కూలినను పులివెందుల కదలలేదు. శాసనసభకు ఆరుమారులు, 1989 నుండి కడప లోక్‌సభ స్థానమునకు నాలుగుమారులు గెలిచిరి, ఓటమి ఎరుగరు. 1996లో మాత్రము 5 వేల పైచిలుకు ఓట్లతో గట్టెక్కిరి.

ఇచ్చట ఒక చేదుమాట వ్రాయక తప్పదు. సీమ కక్షలు ఆ ఇంటిని విడువలేదు. 1998లో రాజారెడ్డి గారిని బాంబులు వేసి చంపిరి. ఆ కుటుంబము కక్షలకు బలియైనదే గాక వాటిలో భాగము పంచుకొన్నదని కూడ విమర్శకులు చెప్పుదురు. ఆయన పాలనలోని ప్రాజెక్టుల కాంట్రాక్టుల మీద, భూముల కేటాయింపుల మీద ఆరోపణలు వచ్చినవి. సువనీరులో ఇట్టివి ఎందుకని కొందరనవచ్చును. మెచ్చుకోలు మాత్రమే ఉన్న జీవితమును మన యువకులు నమ్మరు.

2003 ఏప్రిల్ 9న, మండువేసవిలో, చేవెళ్ల నుండి పాదయాత్ర మొదలుపెట్టి ఇచ్ఛాపురము వరకు సుమారు 1,500 కిలోమీటర్లు నడచిరి. రాజమండ్రి వద్ద ఎండదెబ్బకు పడకనెక్కి, లేచి మరల నడచిరి. 2004 మే 14న ముఖ్యమంత్రియైరి. రైతులకు ఉచిత విద్యుత్తు మొదటి సంతకము. దానిని గూర్చి వ్రాసినవారు అనేకులు గనుక మేము వైద్యము సంగతికే వచ్చుచున్నాము.

ఆ రోజులలో పెద్దజబ్బు వచ్చిన పేదవానికి ఒకటే దారి. ఎం.ఎల్.ఏ. గారి ఉత్తరము పట్టుకొని హైదరాబాదు పోయి, ముఖ్యమంత్రి సహాయనిధి నుండి డబ్బు అడుగుట. ఎవరి పలుకుబడి ఎంతయో వారికంత వైద్యము. మొదట పసిపిల్లల గుండె ఆపరేషన్లకు ప్రభుత్వమే ఖర్చు పెట్టుకొనెను. పిదప 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురము, శ్రీకాకుళము అను మూడు వెనుకబడిన జిల్లాలలో ఆరోగ్యశ్రీ ప్రారంభమయ్యెను. తెల్లరేషను కార్డు గల కుటుంబమునకు ఏటా లక్షన్నర, అవసరమైన మరియొక 50 వేలు, రోగి చేతినుండి కాక నేరుగా ఆసుపత్రికి చెల్లించు ఏర్పాటు. 2008లో మన మెదక్ జిల్లాకును, ఆ ఏడే రాష్ట్రమంతటికిని వచ్చెను. సిఫారసు ఉత్తరము పోయి కార్డు వచ్చెను. ఈ మార్పు చిన్నది కాదు. ఇంటింటి ప్రార్థనలకు పోయినప్పుడు, రొమ్ము మధ్య నిలువుగా కుట్టు మచ్చ గల తల్లులను, తండ్రులను మేము చూచుచున్నాము. పొలము అమ్మకుండ బ్రదికినవారు వారు. 2005 ఆగస్టు 15న ఒక ప్రైవేటు సంస్థ ఆరంభించిన 108 బండికి కూడ ఆయన ప్రభుత్వమే చేయూతనిచ్చి పల్లెలకు చేర్చినది.

అయినను మాకొక బాధ కలదు. ఆరోగ్యశ్రీ పెద్దజబ్బుల పథకము. జ్వరము, మామూలు కాన్పు, బి.పి. మాత్రలు, షుగరు మాత్రలు ఆయన కాలమున అందులో చేర్చలేదు. పథకములో చేరు ఆసుపత్రికి కనీసము 50 పడకలు, ప్రత్యేక వైద్యులు ఉండవలసి యుండెను. అందుచేత ప్రభుత్వపు సొమ్ము ఎక్కువగా పట్టణపు ప్రైవేటు ఆసుపత్రులకు పారెను. అవసరములేని గర్భసంచి ఆపరేషన్లు జరిగినవను విమర్శయు వచ్చెను. ఇద్దరు డాక్టర్లు, నలుగురు నర్సులతో నడచు పల్లె ఆసుపత్రికి, అనగా ఆయన మొదట పనిచేసినట్టి ఇంటికి, ఈ పథకములో పీట దొరకలేదు. గుండె కోయించుకొనుటకు హైదరాబాదు పోగలము గాని, అర్ధరాత్రి బిడ్డకు జ్వరము వచ్చిన తండావాసి ఎచ్చటికి పోవలెను? మిషను ఆసుపత్రి ఎరిగిన డాక్టరు ఈ సంగతి ఎరుగనివారు కారు. సంచార వైద్యమునకు 104 బండ్లు పంపిరి. అది నెలకొకమారు వచ్చు వైద్యము. పల్లె ఆసుపత్రికి మరి నాలుగేండ్లు మనస్సు పెట్టియుండినచో ఏమి చేసియుందురో!

ఆయన వెనుక వచ్చిన ప్రభుత్వములు మాత్రము కార్డును తీసివేయు సాహసము చేయలేదు. తెలంగాణలో 2023 డిసెంబరున ఆ మొత్తమును 10 లక్షలకు పెంచిరి.

2009లో రెండవమారు గెలిచిరి. పథకములు జనమునకు చేరుచున్నవో లేదో ముందుగా చెప్పకుండ పోయి చూడవలెనని రచ్చబండ అను కార్యక్రమము తలపెట్టి, సెప్టెంబరు 2 ఉదయమున బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు హెలికాప్టరులో బయలుదేరిరి. నల్లమల అడవి మీద మబ్బు, వాన. హెలికాప్టరు జాడ తెలియలేదు. ఆ రాత్రియంతయు మన చర్చీలలో ప్రార్థనలు జరుగుచునే యుండెను. మరునాడు పావురాలగుట్ట మీద శకలములు కనబడెను. ఆయనతో పాటు కార్యదర్శి సుబ్రహ్మణ్యం గారు, భద్రతాధికారి వెస్లీ గారు, పైలట్లు భాటియా గారు, ఎం.యస్. రెడ్డి గారు మరణించిరి. సెప్టెంబరు 4న పులివెందులకు సమీపమున ఇడుపులపాయలో క్రైస్తవ ఆచారము ప్రకారము ఆయనను భూస్థాపన చేసిరి.