భాండారి బసవేశ్వరుడు

ధనికుడు లేనిదే పేదకు పని దొరకదనియు, కావున ధనికునిపై పన్నుల భారము తగ్గింపవలెననియు వాదించువారు నేడు పెక్కురు. 800 ఏండ్లకు పూర్వము ఒక రాజ్యపు బొక్కసమునకే అధికారియై, ధనమెచ్చట పుట్టి యెచ్చటికి పోవుచున్నదో కన్నులార చూచిన బసవేశ్వరుని చరితమును ఈ దృష్టితో నొకమారు తలచుకొందము.

బాగేవాడిలో బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, ఉపనయనమును నిరాకరించి, కూడలసంగమమున విద్య గడించిన బసవేశ్వరుడు మంగళవాడలో బిజ్జలుని కొలువున గణకుడుగా ప్రవేశించెనని హరిహర కవి చెప్పెను. లెక్కల నేర్పుచేత భాండారియై, తుదకు కల్యాణమున ప్రధాని యయ్యెను.

ఆనాటి కన్నడ శాసనములలో పెర్జుంకము, వడ్డరావుళము, బిల్కొడె మున్నగు సుంకముల పేర్లు కానవచ్చును. నేతవాని మగ్గముపై పన్ను, తెలికవాని గానుగపై పన్ను. పెక్కు అగ్రహారములు మాత్రము సర్వమాన్యములు. రెక్కలు ముక్కలు చేసికొనువాడు చెల్లించుచుండగా, కూర్చుండి తినువానికి మినహాయింపు! లెక్కల చిట్టా వ్రాయువానికి ఇది తెలియకుండునా?

బసవేశ్వరుడు ఈ సుంకములను రద్దు చేసెనని చెప్పుట సాహసము. ఆయన మార్చినది పనికి గల విలువను. గురువైనను, జంగముడైనను కాయకము చేసియే తినవలెను. మిగిలినది దాసోహమునకు చెందవలెను. చాకలి మాచయ్య, పడవ నడపు చౌడయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య, బుట్టలల్లు కేతయ్య ఆయన సరసన కూర్చుండిరి. సుంకము వసూలు చేయు బంకణ్ణయు ఆ శరణులలో నొకడే! వీరికి పని నిచ్చినవారెవరు? వారి చేతులే. ఆ చేతులు ఆగినచో రాజుగారి బొక్కసమున చేరునదేమి?

ఆయ్దక్కి మారయ్య బసవేశ్వరుని మహామనె ముంగిట ఒలికిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి దాసోహము నడపెడివాడు. ఒకనాడు అలవాటుకంటె ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ మందలించి, ఆ యధికమును తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపెను. ఆశ రాజులకు తగును గాని శరణులకు తగదని ఆమె భావము. పిడికెడు బియ్యమునకింత పట్టుదలయా యని మా పిల్లలు తరగతిలో నవ్వుదురు. నవ్వనిండు, ఆ పిడికెడు మరియొకరి కూడు కదా!

కొండెగాండ్రు ఊరకుండిరా? బసవడు రాజధనమును జంగములకు దోచిపెట్టుచున్నాడని బిజ్జలునితో చెప్పిరి. రాజు బొక్కసమును లెక్కింపించెను. ఒక్క మాడయు తగ్గలేదని పురాణము. పలువురు దీనిని మహిమ యందురు. నాకు మాత్రము శుద్ధమైన చిట్టాయే కనిపించుచున్నది. దాసోహమునకు వెచ్చించినది పన్నుల సొమ్ము కాదు, కాయకపు సొమ్ము.

చెప్పులు కుట్టు హరళయ్య కుమారునకు బ్రాహ్మణుడైన మధువరసుని కుమార్తె నిచ్చి పెండ్లి చేయగా, బిజ్జలుడు ఆ తండ్రుల నిరువురను చంపించెను. 1167 ప్రాంతమున బసవేశ్వరుడు అధికారమును విడిచి కూడలసంగమమునకు మరలి, అచ్చటనే లింగైక్యము నొందెను. శరణులు చెదరిపోయిరి. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు ఆ కథను తెనుగు ద్విపదలో రచించుచు, మడివాలు మాచయ్యకును అందు చోటిచ్చెను.