హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్

హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్ (1887 – 1987) బ్రిటిషు వైద్యుడు, పరాన్నజీవుల శాస్త్రవేత్త. మలేరియా పరిశోధనలో ప్రసిద్ధుడైన ఇతడు తెలుగువారికి మరొక కారణంగా గుర్తుండవలసినవాడు. తాగునీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్ వ్యాధి భారతదేశంలో మనుషులకు సోకుతున్నదని 1937లో సహచరులతో కలిసి ప్రకటించాడు. ఆ పరిశోధనకు ఆధారం అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాలు.

ఉద్యోగ జీవితం

అబర్డీన్‌లో వైద్యం చదివి ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. అస్సాంలో కాలా అజార్ వ్యాధిపై చాలాకాలం పనిచేశాడు. 1930లలో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరుగా ఉన్నాడు.

నెల్లూరు జిల్లా పరిశోధన

దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు (1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో ఇవి కలిశాయి) మెట్టప్రాంతాలు. తాగడానికి బావినీరే దిక్కు. ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడాన్ని మొదట గమనించినది అక్కడి రైతులే. ఈ సంగతి వైద్యశాస్త్ర చరిత్రలో ఒక వాక్యంతో సరిపెట్టదగినది కాదు. మనుషులలో పళ్లపై గోధుమరంగు చారలు, మెడ తిరగకపోవడం, నడుము వంగిపోవడం కనిపించేవి. వెన్నుపూసల వద్ద అదనంగా పెరిగిన ఎముక నరాలను నొక్కితే కాళ్లు పడిపోయేవి.

ఫ్లోరైడు వలన పళ్లకు మచ్చలు వస్తాయని అమెరికాలో 1931లో తేలింది. క్రయోలైటు ధూళి పీల్చిన డెన్మార్కు కార్మికుల ఎముకలలో మార్పులను 1932లో గుర్తించారు. ఇక్కడ మాత్రం కర్మాగారం లేదు, ధూళి లేదు. ఫ్లోరైడు ఉన్న రాతిపొరల నుండి అది బావినీటిలో కరిగి చేరేది. షార్ట్, సి.జి.పండిట్, టి.ఎన్.ఎస్.రాఘవాచారి కలిసి నెల్లూరు జిల్లా వ్యాధిని వివరించారు. అదే సంవత్సరం మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్‌లతో కలిసి షార్ట్ మరొక వ్యాసం వెలువరించాడు.

ఈ నీరు తేటగానే ఉంటుంది. కాచినా ఫ్లోరైడు పోదు సరికదా, నీరు ఇగిరినకొద్దీ గాఢత పెరుగుతుంది. ముదిరిన వ్యాధికి మందు లేదు; నీటిని మార్చడమే నివారణ. నల్గొండ జిల్లాలోని వ్యాధిపై 1955లో వ్యాసం వెలువడింది. పటిక, సున్నంతో నీటిని శుద్ధిచేసే నల్గొండ పద్ధతి 1970లలో వచ్చింది. భారత ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు అనుమతిస్తారు. అంటే నెల్లూరు పరిశోధన జరిగిన చాలా ఏళ్లకు గానీ పల్లెలకు పరిష్కారమార్గం చేరలేదు.

తరువాతి కాలం

కాలా అజార్ ఇసుక ఈగల వలన వ్యాపిస్తుందని 1942లో స్వామినాథ్, ఆండర్సన్‌లతో కలిసి రుజువు చేశాడు. మలేరియా పరాన్నజీవి రక్తంలోకి రాకముందు కాలేయంలో పెరుగుతుందని 1948లో గార్న్‌హామ్‌తో కలిసి కనుగొన్నాడు. 1950లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1987 నవంబరులో, నూరేళ్లు నిండిన కొద్ది నెలలకు మరణించాడు.