పురపాలక పీఠమున ప్రకాశం

వినోదరాయునిపాలెమున 1872లో జన్మించిన టంగుటూరి ప్రకాశంగారికి బాల్యముననే పితృవియోగము కలిగెను. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్లు నడిపి బిడ్డలను పోషించిరి. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఆ బాలుని రాజమహేంద్రవరమునకు తోడ్కొనిపోయిరి. ప్రకాశంగారు అచటనే ప్లీడరై, 1904లో ఇంగ్లండు పయనమునకు పూర్వమే పురపాలక సంఘాధ్యక్షులైరి.

వీధిదీపము వెలుగకున్నను, మురుగుకాలువ పూడినను, ఇంటిపన్ను మితిమీరినను పురజనులు మొరపెట్టుకొనవలసినది ఆ సంఘమునకే. ఓటు మాత్రము పన్ను చెల్లించు కొద్దిమందిదే. పూటకూళ్లింటి వితంతువువంటివారికి అర్జీయే గతి. ఆ ఇంటి బిడ్డయే ఇప్పుడు అర్జీలందుకొను పీఠముపై నుండెను. ముఖ్యమంత్రి పదవికన్న ఇదియే కఠినమేమో! ఇచట అర్జీదారు మరునాడే వీధిలో ఎదురుపడును.

ఆ ముఖ్యమంత్రి పదవియు ఆంధ్రరాష్ట్రమున 1953లో ప్రప్రథమముగ ఆయననే వరించెను. 1957 మే 20న ఆయన దివంగతులైరి.