ముప్పయ్యేళ్లకు మళ్లీ ఓనమాలు

దేవుడు పిలిస్తే దారి దానంతటదే తెరుచుకుంటుందని మన సంఘాల్లో తరచూ వింటూ ఉంటాం. అది నిజమే. కానీ ఆ తెరుచుకున్న దారిలో ఏడేళ్లు పుస్తకాలు మోస్తూ నడవాలంటే మనలో చాలామందిమి గుమ్మం దగ్గరే ఆగిపోతాం. ఆగకుండా నడిచినవాడు ఆల్బర్ట్ ష్వైట్జర్. ఆఫ్రికా అడవిలో ఆస్పత్రి కట్టిన డాక్టరుగా, నోబెల్ శాంతి బహుమతి గ్రహీతగా ఆయన లోకానికి తెలుసు. అయితే ఆయన సైన్సు చదువు మీదుగా డాక్టరు కాలేదు. వేదాంతం, తత్వశాస్త్రం చదివి, ప్రసంగ వేదిక దిగి వైద్య కళాశాలకు వెళ్లాడు.

ష్వైట్జర్ 1875 జనవరి 14న అల్సేస్ ప్రాంతంలోని కైజర్స్‌బర్గ్‌లో పుట్టాడు. ఆ ప్రాంతం ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉంది, అప్పట్లో జర్మనీ ఏలుబడిలో ఉండేది. తండ్రి లూథరన్ పాస్టరు. గున్స్‌బాక్ అనే చిన్న ఊళ్లో ఆ పాస్టరుగారింట్లోనే ఆయన పెరిగాడు, చిన్ననాడే చర్చిలో ఆర్గన్ వాయించడం నేర్చుకున్నాడు. 1893లో స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 1899లో కాంట్ తత్వం మీద పరిశోధనకు డాక్టరేట్, మరుసటి ఏడాది వేదాంతంలో ఉన్నత పట్టా పొందాడు. సెయింట్ నికోలస్ చర్చిలో ప్రసంగీకుడయ్యాడు. విశ్వవిద్యాలయంలో వేదాంతం బోధించాడు. 1903లో వేదాంత విద్యార్థుల కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యాడు. సంగీతకారుడు బాఖ్ మీద ఆయన రాసిన పుస్తకం 1905లో వెలువడింది. ముప్పయ్యేళ్లకే పేరు, పదవి, గౌరవం అన్నీ ఆయనకున్నాయి.

అయితే ఆయన మనసులో 1896 నుంచీ ఒక తీర్మానం ఉంది. ఆ ఏడాది పెంతెకొస్తు పండుగ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, ఇన్ని మేలులు ఉచితంగా పొందిన తాను బదులుగా ఏమీ ఇవ్వకుండా బతకడం న్యాయమేనా అని ఆలోచించాడు. అప్పుడాయన వయసు 21. ముప్పయ్యేళ్లు వచ్చేదాకా చదువుకు, సంగీతానికి బతుకుతానని, ఆ తర్వాత మనుషులకు నేరుగా సేవ చేస్తానని నిశ్చయించుకున్నాడు. ఏ సేవ అన్నది అప్పటికి తెలియదు. దిక్కులేని పిల్లలను చేరదీయాలనుకున్నాడు, ఇల్లూవాకిలీ లేనివారికి, జైలు నుంచి విడుదలైనవారికి సాయపడాలనుకున్నాడు. అవేవీ ఆయన అనుకున్నట్టు సాగలేదు. 1904లో పారిస్ మిషనరీ సొసైటీ పత్రిక ఒకటి ఆయన బల్ల మీదికి వచ్చింది. మధ్య ఆఫ్రికాలోని గాబన్ ప్రాంతంలో పరిచర్యకు మనుషులు చాలడం లేదని అందులో రాశారు. ఆయన వెతుకులాట అక్కడితో ముగిసింది.

వెళ్లేవాడు మిషనరీగానే వెళ్లవచ్చు కదా, వైద్యం ఎందుకు? కారణాలు రెండు. వైద్యుడు లేక అక్కడి ప్రజలు పడుతున్న బాధ మిషనరీల మాటల ద్వారా ఆయనకు తెలిసింది. మరొకటి ఆయన సొంత కారణం. ఏళ్ల తరబడి బోధకుడిగా, ప్రసంగీకుడిగా మాటలతోనే గడిపాడు. ఇక ప్రేమను గురించి మాట్లాడడం ఆపి, ఆ ప్రేమను చేతులతో చేయాలనుకున్నాడు. ధనవంతుడి వాకిట పడి ఉన్న లాజరు ఉపమానాన్ని ఆయన యూరప్‌కు, ఆఫ్రికాకు అన్వయించుకున్నాడు. తాను ధనవంతుడి ఇంట్లో ఉన్నానని ఒప్పుకున్నాడు.

1905 అక్టోబర్ 13న తన నిర్ణయాన్ని తల్లిదండ్రులకు, మిత్రులకు తెలిపే ఉత్తరాలను పారిస్‌లో పోస్టు చేశాడు. బంధుమిత్రులు గట్టిగా వ్యతిరేకించారు. సేనాధిపతి తుపాకీ పట్టుకుని ముందు వరుసలోకి పోయినట్టుందని ఆయన ఆర్గన్ గురువు విదోర్ మందలించాడు. వైద్య విభాగం డీన్ దగ్గరకు వెళ్తే, ఈయన్ను మానసిక వైద్యుడికి చూపించాలేమోనని ఆయనకు అనిపించింది. పైగా అదే విశ్వవిద్యాలయంలో బోధకుడు విద్యార్థిగా చేరడానికి నిబంధనలు ఒప్పుకోలేదు. చివరికి ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతించింది. పాఠాలు విన్నట్టు ఆచార్యులు ధ్రువీకరిస్తే పరీక్షలు రాయవచ్చన్నది.

అసలు కష్టం అక్కడి నుంచి మొదలైంది. భౌతిక, రసాయన శాస్త్రాలు, జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, శరీర నిర్మాణం అన్నీ మొదటి నుంచి నేర్చుకోవాలి. రెండు పెద్ద పట్టాలున్నాయని ఎవరూ ఒక్క పాఠం కూడా తగ్గించలేదు. ముప్పై దాటినవాడి జ్ఞాపకశక్తి ఇరవై ఏళ్ల కుర్రవాడిది కాదని ఆయనకు త్వరలోనే అర్థమైంది. తోటి విద్యార్థులు బలవంతపెడితే, పరీక్షల్లో వచ్చే ప్రశ్నలను కలిసి వల్లెవేసే వారి బృందంలో చేరాడు. మరోపక్క వేదాంత పాఠాలు చెబుతూ, ప్రసంగాలు చేస్తూ, ఆర్గన్ కచేరీలు చేస్తూ వచ్చాడు. ఆ ఏళ్లంతా అలసటతో పోరాటమే. 1908లో మొదటి పెద్ద పరీక్ష, 1911 డిసెంబర్‌లో చివరి పరీక్ష పూర్తయ్యాయి. ఆ చివరి పరీక్ష ఫీజు ఆర్గన్ వాయించగా వచ్చిన డబ్బే. ఆ తర్వాత పారిస్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు, ఆస్పత్రిలో శిక్షణ, పరిశోధన వ్యాసం. యేసుకు మతిస్థిమితం లేదని రాసిన వైద్యులకు జవాబుగా రాసిన ఆ వ్యాసం 1913లో వచ్చింది. వేదాంతం చదివినవాడే వైద్యం కూడా చదివాడు గనుక అది రాయగలిగాడు. దేవుని చేతిలో పాత చదువేదీ వృథా పోదు.

1912లో ఆయన హెలెన్ బ్రెస్లావ్‌ను వివాహమాడాడు. ఈ పని కోసమే ఆమె నర్సు శిక్షణ పొందింది. ఇంత చేసినా సొసైటీ వారికి ఆయన వేదాంతం మీద అనుమానం తీరలేదు. తాను వైద్యం మాత్రమే చేస్తానని, ప్రసంగించనని మాటిచ్చాక గానీ ఒప్పుకోలేదు. ఆయన క్రీస్తును గూర్చి రాసిన వాటన్నిటితో మేమూ ఏకీభవించలేం. కానీ వేదాంత కళాశాలలో చదువుకున్న మా వంటి కాపరులకు ఆయన ఆ మాట ఇవ్వడం పెద్ద ప్రశ్నే. సేవ కోసం మా ప్రసంగాన్ని మేము వదులుకోగలమా?

1913 ఏప్రిల్‌లో ఆ దంపతులు ఒగోవే నది ఒడ్డున లాంబరేనే చేరారు. ఆస్పత్రి భవనం సిద్ధంగా లేదు. పాత కోళ్ల గూడునే శుభ్రం చేసి వైద్యం మొదలుపెట్టాడు. మలేరియా, కుష్ఠు, నిద్ర జబ్బు, పుండ్లు, హెర్నియాలతో రోగులు పడవల్లో వచ్చారు. మొదటి తొమ్మిది నెలల్లోనే దాదాపు 2,000 మందికి వైద్యం చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ పౌరులని ఆ దంపతులను ఫ్రెంచివారు నిర్బంధించారు. 1924లో ఆయన తిరిగి వెళ్లి ఆస్పత్రిని మళ్లీ నిలబెట్టాడు. 1952 సంవత్సరానికి వచ్చిన నోబెల్ శాంతి బహుమతి డబ్బును కుష్ఠు రోగుల నివాసాలకు ఖర్చుచేశాడు. 1965 సెప్టెంబర్ 4న, 90వ ఏట లాంబరేనేలోనే కన్నుమూశాడు. ఆఫ్రికావారిని ఆయన తమ్ముళ్లుగా చూశాడే తప్ప సమానులుగా చూడలేదన్న విమర్శ ఉంది, అందులో నిజం ఉంది. మట్టి పాత్రలోనే దేవుడు ఆ సేవ జరిగించాడు.

వేరే డిగ్రీ చేసి, తర్వాత రోగుల సేవకు మనసు మళ్లిన యువతీయువకులు మన సంఘాల్లోనూ ఉన్నారు. మన దేశంలో ఎంబీబీఎస్ దారి ఇంటర్ స్థాయి భౌతిక, రసాయన, జీవశాస్త్రాల మీదుగా, నీట్ మీదుగానే వెళ్తుంది. డిగ్రీ ఉన్నా ఆ పాఠాలు మళ్లీ చదవాల్సిందే. అది అవమానం కాదు, విధేయత. ప్రార్థన ఉంది కదా అని పుస్తకం పక్కన పెడితే రేపు రోగికి అన్యాయం చేసినవాళ్లమవుతాం. పిలుపు నిజమైనదో కాదో తెలుసుకోవాలంటే చిన్నవాళ్ల మధ్య కూర్చుని మళ్లీ ఓనమాలు దిద్దడానికి సిద్ధమా అని ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి.

సంఘానికీ ఇందులో ఒక మాట ఉంది. ష్వైట్జర్ ఆస్పత్రికి డబ్బిచ్చిన వారిలో సెయింట్ నికోలస్ సంఘస్థులూ ఉన్నారు. తమ ప్రసంగీకుణ్ని పోగొట్టుకుంటూనే వారు జేబులో చేయి పెట్టారు. మన మధ్య ఒక బిడ్డ ఆలస్యంగా ఇలాంటి చదువుకు బయలుదేరితే, వయసు మించిపోయిందని నిరుత్సాహపరచకుండా ముందు ఆ దారి ఎంత పొడవో నిజాయితీగా చెబుదాం. అయినా వెళ్తానంటే ప్రార్థన చేద్దాం, ఆ బిడ్డ ఫీజులో మన వంతు కూడా కడదాం.