స్టాన్లీ మేయర్

స్టాన్లీ అలెన్ మేయర్ (ఆగష్టు 24, 1940 - మార్చి 20, 1998) అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఒహైయో రాష్ట్రానికి చెందిన వ్యక్తి. నీటితో నడిచే కారును రూపొందించినట్లు ప్రకటించి ప్రసిద్ధుడయ్యాడు. 1996లో ఒహైయో న్యాయస్థానం ఇతడు పెట్టుబడిదారులను మోసగించాడని తీర్పు చెప్పింది.

నీటి ఇంధన ఘటము

మేయర్ తన పరికరానికి నీటి ఇంధన ఘటము అని పేరు పెట్టాడు. ఇది నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొడుతుందని, ఇందుకు సాధారణ విద్యుద్విశ్లేషణ కంటే చాలా తక్కువ శక్తి సరిపోతుందని ఇతని వాదన. ఒక డ్యూన్ బగ్గీ వాహనంలో స్పార్క్ ప్లగ్గులకు బదులు ఇంజెక్టర్లను అమర్చి ప్రదర్శించాడు. లాస్ ఏంజెలెస్ నుండి న్యూయార్క్ వరకు ప్రయాణానికి 22 గ్యాలన్ల (సుమారు 83 లీటర్ల) నీరు చాలునని అంచనా వేశాడు. ఈ దూరం రోడ్డు మార్గాన సుమారు 4,500 కిలోమీటర్లు. అనగా లీటరు నీటికి దాదాపు 54 కిలోమీటర్లు. ఇతడు అనేక పేటెంట్లు కూడా పొందాడు. అయితే పేటెంటు లభించినంత మాత్రాన పరికరం పనిచేస్తుందని నిరూపణ అయినట్లు కాదు.

శాస్త్రీయ విశ్లేషణ

నీరు ఇంధనం కాదు. హైడ్రోజన్ మండిన తరువాత మిగిలే పదార్థమే నీరు. ఒక లీటరు నీటిని పూర్తిగా విడగొట్టడానికి కనీసం 1.6 కోట్ల జౌళ్ళ శక్తి కావాలి. ఆ వాయువులను తిరిగి మండిస్తే అంతే శక్తి వెలువడుతుంది, అంతకు మించి రాదు. పైగా ఇంజనులో అధిక భాగం వేడి రూపంలో వృథా అవుతుంది. కనుక నీటిని విడగొట్టడానికి అవసరమైన శక్తిని అదే ఇంజను నుండి పొంది కారును నడపడం శక్తి నిత్యత్వ నియమానికి విరుద్ధం. ఇటువంటి కారు నిరంతర చలన యంత్రంతో సమానం.

న్యాయస్థాన తీర్పు

మేయర్ వద్ద డీలర్‌షిప్‌లు కొనుగోలు చేసిన ఇద్దరు పెట్టుబడిదారులు ఇతనిపై దావా వేశారు. వాహనాన్ని పరీక్షించడానికి లండన్ నుండి ఒక విద్యుత్ ఇంజనీరింగ్ ఆచార్యుడు రాగా, మేయర్ సాకు చెప్పి పరీక్షకు అంగీకరించలేదు. తరువాత ఘటమును ముగ్గురు నిపుణులు పరిశీలించి, అందులో కొత్తదనమేమీ లేదని, అది సాధారణ విద్యుద్విశ్లేషణ మాత్రమేనని తేల్చారు. 1996లో న్యాయస్థానం దీనిని ఘోరమైన మోసంగా పరిగణించి, 25,000 డాలర్లను పెట్టుబడిదారులకు తిరిగి చెల్లించవలసిందిగా ఆదేశించింది.

మరణం

మార్చి 20, 1998న ఒహైయోలోని గ్రోవ్ సిటీలో ఒక రెస్టారెంటులో భోజనం చేస్తుండగా మేయర్ హఠాత్తుగా కుప్పకూలి మరణించాడు. ఇతనిపై విషప్రయోగం జరిగిందని, చమురు సంస్థలే ఇందుకు కారణమని అభిమానులలో ప్రచారం జరిగింది. అయితే మెదడులోని రక్తనాళం ఉబ్బి చిట్లడం వలన మరణించాడని ఫ్రాంక్లిన్ కౌంటీ కరోనర్ నిర్ధారించాడు. పోలీసులు కూడా దర్యాప్తు జరిపి ఇదే నిర్ధారణను ఆమోదించారు.

అనంతర కాలం

మేయర్ మరణానంతరం కూడా ఇతని కథ విస్తృతంగా ప్రచారంలో ఉంది. ఆవిష్కరణను అణచివేశారనే వాదనకు ఆధారం లేదు. పేటెంట్ పత్రాలు బహిరంగంగానే లభిస్తాయి. వాటి గడువు తీరినందున ఎవరైనా రుసుము లేకుండా వాడుకొనవచ్చును. అయినప్పటికీ వాహన తయారీ సంస్థ ఏదీ ఈ విధానాన్ని స్వీకరించలేదు.